విమానం రెక్క మీద ఐస్: కరిగించాలా, పట్టు వదిలించాలా?

ఈ రోజు ఎపిసోడ్ ఒక చిన్న ప్రశ్నతో మొదలుపెడదాం. మే నెల, మధ్యాహ్నం రెండు గంటలు, శంషాబాద్ ఎయిర్‌పోర్ట్. బయట 42 డిగ్రీలు. రన్‌వే వైపు చూస్తే కళ్ళు చెదిరిపోతున్నాయి. అక్కడ టేకాఫ్‌కి రెడీగా ఉన్న విమానంలో, పైలట్ తల పైనున్న ప్యానెల్‌లో, రెక్కల మీద ఐస్ పట్టకుండా చూసే స్విచ్‌లు ఉంటాయి. ఇంత ఎండలో ఆ స్విచ్‌తో ఏం పని?

పని ఉంది. పైకి వెళ్ళేకొద్దీ గాలి చల్లబడుతుంది కదా. మన దగ్గర ఎండాకాలంలో కూడా 5, 5న్నర కిలోమీటర్లు పైకెళ్తే సున్నా డిగ్రీలు వచ్చేస్తాయి. హైదరాబాద్ నుంచి రాజమండ్రికో కడపకో వెళ్ళే ఏటీఆర్ విమానం కూడా ఆ ఎత్తు దాకా వెళ్ళగలదు. పెద్ద జెట్‌లైతే దాని రెట్టింపు ఎత్తులో ఎగురుతాయి. అంటే కింద మనకి చెమటలు పడుతున్న టైమ్‌లో, పైన మబ్బులో రెక్కకి ఐస్ పట్టే ఛాన్స్ ఉంది.

ఇక్కడ ఒక డౌట్ రావాలి. సున్నా కంటే కిందకి వెళ్తే మబ్బులో నీళ్ళు ముందే గడ్డకట్టి ఉండాలి కదా, మళ్ళీ రెక్క మీద కొత్తగా ఐస్ ఎలా పడుతుంది?

మీరు ఒక రీల్ చూసే ఉంటారు. ఫ్రీజర్‌లో పెట్టిన వాటర్ బాటిల్‌ని జాగ్రత్తగా బయటికి తీస్తారు. లోపల నీళ్ళు నీళ్ళలాగే ఉంటాయి. బాటిల్‌ని టక్కున బల్లకి కొట్టగానే చూస్తుండగానే మొత్తం ఐస్ అయిపోతుంది. అది ట్రిక్ కాదు, నిజమే. నీళ్ళు గడ్డకట్టాలంటే చలి ఒక్కటే చాలదు, మొదలుపెట్టడానికి ఏదో ఒక ఆధారం కావాలి. మబ్బులోని సన్నటి చుక్కలకి చాలాసార్లు ఆ ఆధారం దొరకదు. అందుకే మైనస్ 10, మైనస్ 15 డిగ్రీల్లో కూడా నీళ్ళలాగే తేలుతూ ఉంటాయి. వీటిని సూపర్‌కూల్డ్ చుక్కలు అంటారు. విమానం ఆ మబ్బులోకి దూసుకెళ్ళినప్పుడు రెక్క ముందంచు వాటికి తగులుతుంది. ఆ తగలడమే బాటిల్‌ని బల్లకి కొట్టినట్టు. చుక్క అక్కడికక్కడే అతుక్కుపోయి ఐస్ అయిపోతుంది.

చాలామంది అనుకునేది ఏంటంటే, ఐస్ బరువుకి విమానం కిందికి దిగిపోతుందని. బరువు చిన్న సమస్య. అసలు దెబ్బ రెక్క ఆకారానికి. రెక్క పైభాగం నున్నగా ఉండి, గాలి దాన్ని అంటిపెట్టుకుని వెళ్తేనే విమానాన్ని పైకి లేపే బలం వస్తుంది. దాన్నే లిఫ్ట్ అంటాం. ముందంచు మీద, పైభాగం మీద శాండ్‌పేపర్ అంత గరుకుగా ఐస్ పడితే చాలు, లిఫ్ట్ 30 శాతం దాకా తగ్గచ్చు, గాలి వెనక్కి లాగే బలం 40 శాతం దాకా పెరగచ్చు. శాండ్‌పేపర్ అంతే, గడ్డలు అక్కర్లేదు. ఇంకో తమాషా ఏంటంటే, మందంగా ఉన్న అంచు కంటే సన్నగా ఉన్న అంచుకే ఐస్ త్వరగా పడుతుంది. అందుకే పైలట్‌కి కనిపించే రెక్క కంటే ముందు, కనిపించని తోక మీద పడచ్చు.

సరే, ఐస్ ప్రమాదం. మరి వేడి పెట్టి కరిగించేస్తే పోతుంది కదా? అక్కడే అసలు కథ మొదలవుతుంది. వేడి ఫ్రీగా రాదు. దాని ఖర్చు ఎంతో మనందరికీ తెలిసిన కొలతలో చూద్దాం: ఫోన్ బ్యాటరీ. 5000 ఎంఏహెచ్ బ్యాటరీ ఫుల్ ఛార్జ్‌లో దాదాపు 69 కిలోజౌల్స్ ఎనర్జీ ఉంటుంది.

ఇప్పుడు రెక్క ముందంచు మీద 10 సెంటీమీటర్ల వెడల్పు, 10 మీటర్ల పొడవు ఉన్న పట్టీ ఒకటి ఊహించుకోండి. మొత్తం 1 చదరపు మీటరు. దాని మీద 5 మిల్లీమీటర్ల ఐస్ అంటే దాదాపు 4.6 కిలోలు. దీన్ని ఎదుర్కోవడానికి మూడు దారులున్నాయి.

మొదటిది, అసలు గడ్డకట్టనివ్వకుండా, పడ్డ నీటినంతా ఆవిరి చేసేయడం. ఒక కిలో నీళ్ళు ఆవిరవ్వాలంటే సుమారు 2500 కిలోజౌల్స్ కావాలి. మొత్తం లెక్కేస్తే దాదాపు 165 ఫోన్ బ్యాటరీలు.

రెండోది, ఐస్ పట్టాక మొత్తం కరిగించడం. కిలోకి 334 కిలోజౌల్స్. అంటే 22 బ్యాటరీలు.

మూడోది, ఐస్‌ని అలాగే వదిలేసి, రెక్కకి అంటుకున్న అడుగు పొర మాత్రమే, 0.1 మిల్లీమీటరు మాత్రమే కరిగించడం. మిగతాది గాలే ఊడ్చుకుపోతుంది. దీనికి సగం బ్యాటరీ కూడా అక్కర్లేదు.

165, 22, సగం. ఇవి కాగితం మీద లెక్కలు, నిజం విమానంలో ఇంకా ఎక్కువే పడుతుంది. ఎందుకంటే వందల కిలోమీటర్ల వేగంతో వచ్చే చల్లగాలి మనం ఇచ్చిన వేడిని ఇచ్చినట్టే లాక్కుపోతూ ఉంటుంది. ఫ్యాన్ కింద పెట్టిన టీ లాగా. కానీ మూడు దారుల మధ్య తేడా ఎంత పెద్దదో అర్థమైంది కదా.

ఈ మూడో దారి మీ వంటింట్లో ఉన్నదే. ఫ్రీజర్‌లోంచి ఐస్ ట్రే తీస్తారు, ముక్కలు కదలవు. అప్పుడు గ్యాస్ మీద పెట్టి కరిగిస్తారా? ట్రేని బోర్లించి వెనకవైపు రెండు సెకన్లు కుళాయి నీళ్ళు పట్టిస్తారు, లేదంటే ట్రేని కొంచెం మెలితిప్పుతారు. టపటపా ఊడిపోతాయి. ఐస్ ఐస్‌గానే ఉంది, పట్టు మాత్రమే పోయింది. ఎనర్జీ తక్కువగా వాడే పద్ధతులన్నీ, ఏదో ఒక రూపంలో, ఈ ఐస్ ట్రే పనే చేస్తాయి.

ఇప్పుడు నిజం విమానాల్లో ఏం వాడుతున్నారో చూద్దాం. బోయింగ్ 737, ఎయిర్‌బస్ ఏ320 లాంటి జెట్‌లలో వేడిగాలి పద్ధతి ఉంటుంది. ఇంజన్ లోపల గాలిని గట్టిగా నొక్కే భాగం ఉంటుంది, కంప్రెసర్. నొక్కిన గాలి బాగా వేడెక్కుతుంది. అందులోంచి కొంత గాలిని పక్కకి తీసి, దాదాపు 200 డిగ్రీల వేడితో రెక్క ముందంచు లోపలికి పంపిస్తారు. అక్కడ చిన్న చిన్న రంధ్రాలున్న గొట్టం ఉంటుంది, అచ్చం పిల్లనగ్రోవి లాగా. దాని పేరు కూడా పికోలో ట్యూబ్, పికోలో అంటే చిన్న ఫ్లూట్. ఆ రంధ్రాల్లోంచి వేడిగాలి ముందంచు లోపలి గోడకి తగిలి, దాన్ని వేడిగా ఉంచుతుంది. తర్వాత ఆ గాలి, ఇంకా వేడిగా ఉండగానే, బయటికి పోతుంది.

ఇది నమ్మకమైన పద్ధతే, దశాబ్దాలుగా పనిచేస్తోంది. కానీ ఇది మన మొదటి దారికి దగ్గర, 165 బ్యాటరీల దారి. పైగా ఆ గాలిని నొక్కడానికి ఇంజన్ ఇంధనం కాల్చింది. ఆ గాలిని పక్కకి తీసేస్తే, విమానాన్ని ముందుకి నెట్టడానికి అంత తగ్గిపోతుంది.

దీనికి పూర్తిగా వ్యతిరేకం ఏటీఆర్ లాంటి ప్రొపెల్లర్ విమానాల పద్ధతి. రెక్క ముందంచు మీద నల్లటి రబ్బరు పట్టీ కనిపిస్తుంది చూడండి, దాన్ని బూట్ అంటారు. లోపల గాలి గదులు ఉంటాయి. ఐస్ పట్టాక వాటిలోకి గాలి నింపితే రబ్బరు ఉబ్బుతుంది, ఐస్ పగిలిపోతుంది, గాలికి కొట్టుకుపోతుంది. ఐస్ ట్రేని మెలితిప్పినట్టే. ఇది 1930ల నాటి ఐడియా. అమెరికాలో విలియం గీర్ అనే రబ్బరు రసాయన నిపుణుడు దీని మీద పనిచేశాడు. వేడి అక్కర్లేదు, కొంచెం గాలి చాలు.

మరి ఇంత చవకైన పద్ధతి ఉండగా జెట్‌లలో ఎందుకు పెట్టలేదు? వేగంగా వెళ్ళే రెక్కకి ముందంచు చాలా నున్నగా ఉండాలి, రబ్బరు పట్టీతో అది కష్టం. కానీ దానికంటే పెద్ద పాఠం ఒకటి ఉంది. దాన్ని నేర్పించడానికి 68 మంది ప్రాణాలు పోయాయి.

1994 అక్టోబర్ 31. అమెరికన్ ఈగిల్ 4184, ఏటీఆర్ 72 విమానం. ఇండియానాపోలిస్ నుంచి షికాగో వెళ్తోంది. షికాగోలో వెంటనే దిగే వీలు లేక, రోజ్‌లాన్ అనే ఊరి దగ్గర గాల్లోనే చక్కర్లు కొడుతూ ఆగమన్నారు. అక్కడి మబ్బులో ఉన్నవి మామూలు సన్నటి చుక్కలు కావు, పెద్ద సూపర్‌కూల్డ్ చుక్కలు. సన్నటి చుక్క ముందంచుకి తగలగానే గడ్డకడుతుంది. పెద్ద చుక్క అలా కాదు. తగిలాక కొంత దూరం వెనక్కి జారి, అప్పుడు గడ్డకడుతుంది. అలా బూట్ అయిపోయే చోటుకి వెనక, బూట్ అందుకోలేని జాగాలో, ఐస్ ఒక గట్టులాగా పేరుకుపోయింది. బూట్లు వాటి పని అవి చేస్తూనే ఉన్నాయి. కానీ ఐస్ ఉన్నది వాటి పరిధిలో లేదు. ఆ గట్టు వల్ల గాలి ప్రవాహం చెదిరి, విమానాన్ని పక్కలకి వంచే ఐలరాన్ దానంతటదే తిరిగిపోయింది. విమానం ఒక్కసారిగా పక్కకి పల్టీ కొట్టి, సోయాబీన్ చేలో పడింది. ఎవరూ బతకలేదు.

ఆ తర్వాత ఏటీఆర్‌ల బూట్లని ఇంకా వెనక్కి పొడిగించారు. పైలట్లకి అలాంటి మబ్బులోంచి వెంటనే బయటపడమని నేర్పించారు. ఇలాంటి పెద్ద చుక్కల్ని కూడా లెక్కలోకి తీసుకోవాలని, కొత్తగా డిజైన్ చేసే కొన్ని రకాల విమానాలకి అమెరికా రూల్ తెచ్చింది మాత్రం 2014లో. అంటే 20 ఏళ్ళ తర్వాత.

ఈ ఎపిసోడ్‌లో మీరు ఒక్క విషయం గుర్తుపెట్టుకోవాలంటే ఇదే గుర్తుపెట్టుకోండి. ఎనర్జీ పొదుపు చేయడం అంటే, తక్కువ చోట, తక్కువ సేపు, తక్కువ వేడి ఇవ్వడం. మంచిదే. కానీ ఐస్ ఎక్కడ ఉందో, ఎప్పుడు పడుతోందో మీకు కచ్చితంగా తెలిసినప్పుడే ఆ పొదుపు సేఫ్. తెలియకుండా తగ్గిస్తే, తగ్గించిన చోటే ప్రమాదం వస్తుంది.

వేడి పద్ధతిలో కూడా ఇదే తంటా. ముందంచుని అరకొరగా వేడి చేశారనుకోండి. ఐస్ కరుగుతుంది, కానీ ఆవిరవ్వదు. ఆ నీళ్ళు వెనక్కి పారి, వేడి లేని చోట మళ్ళీ గడ్డకడతాయి. దీన్ని రన్‌బ్యాక్ ఐస్ అంటారు. అంటే ఖర్చు పెట్టి మరీ ఐస్‌ని, తీయగలిగే చోటు నుంచి తీయలేని చోటుకి పంపించినట్టు.

మరి మధ్యే మార్గం ఏంటి? దానికి మంచి ఉదాహరణ బోయింగ్ 787. ఈ విమానం 2011లో ప్రయాణికులతో ఎగరడం మొదలుపెట్టింది. ఇందులో రెక్కల కోసం ఇంజన్ నుంచి వేడిగాలి తీసుకోవడం మానేశారు. దాని బదులు, ముందంచు లోపలి వైపు కరెంటుతో వేడెక్కే పొరలు అతికించారు. ఎలక్ట్రిక్ దుప్పటి లాంటివి అనుకోండి. ఒక్కో ఇంజన్‌కి రెండు చొప్పున మొత్తం నాలుగు జనరేటర్లు, ఒక్కోటి 250 కేవీఏ. అంత కరెంటు ఉంది కాబట్టే ఇది కుదిరింది.

దీని లాభం ఏంటంటే, ఈ పొరలన్నిటినీ ఒకేసారి ఆన్ చేయచ్చు, లేదా ఒకదాని తర్వాత ఒకటి వంతులవారీగా ఆన్ చేయచ్చు. వంతులవారీగా అయితే, ఒక భాగం మీద ఐస్ అడుగు పొర కరిగి ఊడిపోయేసరికి వేడి పక్క భాగానికి వెళ్తుంది. వేడిగాలి బయటికి వృథాగా పోవడం ఉండదు. బోయింగ్ చెప్పిన లెక్క ప్రకారం పాత పద్ధతితో పోలిస్తే ఐస్ కోసం వాడే పవర్ దాదాపు సగం. గాలి బయటికి పోయే రంధ్రాలు కూడా లేవు కాబట్టి శబ్దం, గాలి రాపిడి కూడా కొంత తగ్గాయి.

సగం దగ్గరే ఆగాలా? ఇంకా తగ్గించచ్చు. అమెరికాలో డార్ట్‌మత్ కాలేజీలో ఐస్ మీద పరిశోధన చేసిన విక్టర్ పెట్రెంకో అనే శాస్త్రవేత్త పల్స్ పద్ధతి మీద పనిచేశాడు. ఐస్‌కి, రెక్కకి మధ్య చాలా పల్చటి హీటర్ పొర పెట్టి, చాలా తక్కువ సేపు, గట్టిగా కరెంటు పంపడం. ఎందుకు గట్టిగా? మందపాటి ఇనప పెనం గుర్తు తెచ్చుకోండి. సన్నటి సెగ మీద పెడితే పెనం, స్టవ్, వంటిల్లు అన్నీ వేడెక్కుతాయి గానీ దోసె కాలదు. వేడి నెమ్మదిగా ఇస్తే అది ఐస్ లోపలికీ, రెక్క లోపలికీ, గాలిలోకీ పాకిపోతుంది. ఒక్కసారిగా కొడితే, పాకిపోయే టైమ్ లేక, అంటుకున్న పొర దగ్గరే పని చేసేస్తుంది. మనం లెక్కేసిన సగం బ్యాటరీ దారి ఇదే.

వేడే లేకుండా చేసినవాళ్ళూ ఉన్నారు. సోవియట్ యూనియన్ వాళ్ళ ఇల్యూషిన్ 86 విమానంలో రెక్క చర్మం వెనక తీగచుట్టలు పెట్టారు. వాటిలోకి ఒక్క క్షణం గట్టి కరెంటు వదిలితే, అయస్కాంత బలం వల్ల లోహపు రేకు చిటికెలో అదురుతుంది. ఐస్ పగిలి ఊడిపోతుంది. ట్రే వెనక అరచేత్తో ఒక్కటి కొట్టినట్టు. కరెంటు చాలా తక్కువ. ఇబ్బంది ఏంటంటే, పల్చటి ఐస్ ఈ దెబ్బకి సరిగ్గా పగలదు, కొంచెం మందం అయ్యేదాకా ఆగాలి. ఆ ఆగేలోపు రెక్క గరుకుగానే ఉంటుంది. శాండ్‌పేపర్ లెక్క మర్చిపోలేదు కదా.

కామెంట్లలో ఎవరో ఒకరు అడుగుతారని నాకు తెలుసు: అన్నా, తామరాకు లాంటి కోటింగ్ వేస్తే నీటి చుక్కే అంటదు కదా, ఇదంతా ఎందుకు? మంచి ప్రశ్న. తామరాకు మీద కంటికి కనిపించని బుడిపెలు ఉంటాయి, చుక్క వాటి పైన కూర్చుని జారిపోతుంది. దాన్ని అనుకరించే కోటింగ్‌లు ల్యాబ్‌లలో చాలా ఉన్నాయి. కానీ చుక్క ఆకు మీద మెల్లగా పడటం వేరు, గంటకి 300, 400 కిలోమీటర్ల వేగంతో గుద్దుకోవడం వేరు. ఆ వేగానికి నీళ్ళు బుడిపెల సందుల్లోకి దూరి అక్కడే గడ్డకడితే, పట్టు తగ్గకపోగా ఇంకా పెరుగుతుంది. పైగా వానకీ, దుమ్ముకీ ఆ బుడిపెలు అరిగిపోతాయి. అందుకని కోటింగ్ ఒక్కదాన్నే నమ్ముకోవడం కష్టం. కోటింగ్‌ని హీటర్‌తో కలిపితే మాత్రం ఉపయోగం ఉంది. పట్టు ముందే తక్కువగా ఉంటే, వదిలించడానికి వేడి తక్కువ చాలు.

ఇక చివరి ముక్క, కనిపెట్టడం. చాలా విమానాల ముందు భాగంలో చిన్న పుల్ల లాంటి సెన్సర్ ఉంటుంది. అది సెకనుకి దాదాపు 40,000 సార్లు అదురుతూ ఉంటుంది. దాని మీద ఐస్ పడితే బరువు పెరిగి, అదిరే వేగం కొంచెం తగ్గుతుంది. ఆ తగ్గుదల చూసి సిస్టమ్ పైలట్‌కి చెప్తుంది. తర్వాత సెన్సర్ తనని తాను వేడి చేసుకుని, ఐస్ దులుపుకుని, మళ్ళీ లెక్క మొదలుపెడుతుంది. ఇది ఉంటే రోజంతా హీటర్ ఆన్‌లో ఉంచక్కర్లేదు, ఐస్ ఉన్నప్పుడే ఉంచచ్చు.

నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో ఉన్నప్పుడు ఒకసారి సర్వర్ ఖర్చు తగ్గించమన్నారు. మేం మొదట తీసేసింది మానిటరింగ్. బిల్లు తగ్గింది, అందరూ హ్యాపీ. తర్వాత ఒక రాత్రి సిస్టమ్ పడిపోతే, ఎక్కడ పడిందో వెతకడానికే తెల్లారిపోయింది. మా దగ్గర పోయింది ఒక రాత్రి నిద్ర. రోజ్‌లాన్ దగ్గర పోయింది మనుషులు. అందుకే ఖర్చు తగ్గించే ముందు, చూసే కన్ను ఉందో లేదో చూసుకోవాలి అంటాను.

ఈ గొడవంతా ఇప్పుడు ఎందుకు ముఖ్యం అంటే, రేపు వచ్చేవి బ్యాటరీ విమానాలు, ఎయిర్ టాక్సీలు, డెలివరీ డ్రోన్‌లు. వాటికి జెట్ ఇంజన్ లేదు, వేడిగాలి రాదు. ఐస్ కోసం వాడే ప్రతి వాట్ నేరుగా వెళ్ళగలిగే దూరంలోంచి పోతుంది. డ్రోన్ ప్రొపెల్లర్ సన్నగా ఉంటుంది, సన్నటి అంచుకే ఐస్ త్వరగా పడుతుందని ఇందాకే చెప్పుకున్నాం. 165 బ్యాటరీల దారి వాటికి కుదరనే కుదరదు.

ఈసారి విమానం ఎక్కితే విండో సీట్ దొరికినప్పుడు రెక్క ముందంచు చూడండి. నల్ల రబ్బరు ఉంటే బూట్. ఏ320 లాంటి దానిలో పెయింట్ లేకుండా మెరిసే లోహం ఉంటే, లోపల పిల్లనగ్రోవి ఉన్నట్టు. 787 అయితే లోపల కరెంటు దుప్పటి. అమెరికాలో చదువుకుంటున్న మీ అక్కో ఫ్రెండో, చలికాలంలో విమానం ఎక్కి కూర్చున్నాక రెక్కల మీద నారింజ రంగు, పచ్చ రంగు ద్రవం చల్లుతూ లేట్ చేశారని విసుక్కుంటే, ఒక మాట చెప్పండి. ఆ ద్రవం టేకాఫ్ దాకానే కాపాడుతుంది, కానీ ఆ కాసేపు రెక్క శుభ్రంగా ఉండటం చాలా అవసరం. ఆ లేట్ మంచికే.

డౌట్స్ ఉంటే కామెంట్ చేయండి. లెక్కల్లో తప్పు కనిపిస్తే ఇంకా తప్పకుండా చేయండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.